నీడ పొట్టిగా ఉన్నప్పుడే ఎండ: బడి పిలకాయల్లో విటమిన్ డి లోపాన్ని సరిచేసే పద్ధతి

నెల్లూరు, ప్రకాశం జిల్లాల్లో ఎండకు కొదవ లేదు. అయినా మోకాళ్ళ నొప్పులని, పిక్కలు లాగుతున్నాయని, నాలుగు మెట్లెక్కితే అలసట అని చెప్పే పిలకాయలు ప్రతి వీధిలోనూ ఉన్నారు. కేంద్ర ప్రభుత్వం 2016-18లో జరిపించిన సమగ్ర జాతీయ పోషకాహార సర్వేలో దేశం మొత్తం మీద 5-9 ఏళ్ళ పిల్లల్లో 18 శాతం మందికి, 10-19 ఏళ్ళ వాళ్ళలో 24 శాతం మందికి విటమిన్ డి లోపం ఉందని తేలింది. వయసుతో పాటు లోపమూ పెరుగుతోంది. పై తరగతికి వెళ్ళేకొద్దీ ఆటల పీరియడ్ ఎగిరిపోతుంది, ట్యూషన్ చేరుతుంది. సరిగ్గా ఎముక జోరుగా పెరిగే పదీ పదిహేనేళ్ళ మధ్యలోనే పిల్లలు ఎండకు దూరమవుతున్నారు.

లోపానికి ఇక్కడ రెండు కారణాలు కలిసి పనిచేస్తాయి. ఒకటి, పనికొచ్చే ఎండ ఉన్న గంటల్లో పిల్లలు గదిలో ఉండటం. రెండోది, పళ్ళెంలో కాల్షియం తక్కువ కావడం. ఈ రెండో కారణాన్ని చాలామంది పట్టించుకోరు. తిరుపతి చుట్టుపక్కల పల్లెల్లో జరిగిన పరిశోధనల్లో పొలం పనులు చేసుకునేవాళ్ళలో విటమిన్ డి పట్నంవాళ్ళకంటే మెరుగ్గానే ఉంది, అయినా చాలామందిలో చాలినంత లేదు. తిండిలో కాల్షియం తక్కువై, గింజల్లో ఉండి కాల్షియాన్ని ఒంటబట్టనివ్వని ఫైటేట్లు ఎక్కువైతే ఒంట్లో ఉన్న విటమిన్ డి త్వరగా ఖర్చైపోతుంది. అందుకే ఎండ ఒక్కటే చూసుకున్నా, మందు పొట్లం ఒక్కటే వేసినా పని సగంలో ఆగిపోతుంది.

ముందు పిల్లల్ని చూడండి

బడి వయసులో లోపం చాలావరకు బయటికి కనిపించదు. కనిపిస్తే ఇలా ఉంటుంది: తొడలు, పిక్కలు, నడుము నొప్పి, గొంతుకూర్చుని లేవమంటే చేతులు తొడల మీద ఆనించి లేవడం, మెట్లెక్కడానికి గోడ పట్టుకోవడం, మణికట్టు దగ్గర ఎముక లావెక్కడం, కాళ్ళు వంకర తిరగడం, చిన్న దెబ్బకే ఎముక విరగడం.

కాళ్ళ వంకరను కొలిచి చూడాలి, కళ్ళతో అంచనా వేస్తే కుదరదు. నిక్కరు వేసి గోడకు ఆనించి నిటారుగా నిలబెట్టండి. మోకాలి చిప్పలు రెండూ ముందుకు చూడాలి. మోకాళ్ళు ఒకదానికొకటి తాకీ తాకనట్టు ఉంచి, లోపలివైపు చీలమండ ఎముకల మధ్య దూరాన్ని స్కేలుతో కొలవండి. మూడు నాలుగేళ్ళ పిల్లల్లో మోకాళ్ళు రాసుకోవడం సహజమే, ఏడేళ్ళకల్లా చాలావరకు సర్దుకుంటుంది. ఏడు దాటాక ఆ దూరం 8 సెంటీమీటర్లకు మించి ఉన్నా, నెలనెలా పెరుగుతున్నా, ఒక కాలే వంగి ఉన్నా ఎముకల డాక్టరుకో పిల్లల డాక్టరుకో చూపించాలి. దొడ్డికాళ్ళ (మోకాళ్ళ మధ్య ఎడం ఉండేలా బయటికి వంగిన కాళ్ళ) సంగతి వేరు: మూడేళ్ళు దాటిన పిల్లలకు అవి ఏమాత్రం ఉన్నా చూపించాల్సిందే.

కాళ్ళనొప్పులన్నీ విటమిన్ డి లోపం కాదు. ఎదిగే పిల్లలకు వచ్చే నొప్పి రెండు కాళ్ళలోనూ సాయంత్రమో రాత్రో వస్తుంది, పొద్దున లేచేసరికి ఉండదు, కుంటరు, ఆటలు మానరు. నొప్పి ఒకచోటే ఉండటం, పగలూ ఉండటం, జ్వరం, కీలు వాపు, కుంటడం, బరువు తగ్గడం, ఒంటి మీద కమిలినట్టు నల్లమచ్చలు - వీటిలో ఏది ఉన్నా డి పొట్లం వేసి చూద్దామని వారాలు గడపొద్దు, వెంటనే డాక్టరు దగ్గరికి తీసుకెళ్ళండి. చేతివేళ్ళు కొంకర్లు పోయినా, పెదాల చుట్టూ తిమ్మిరి ఎక్కినా, ఫిట్స్ వచ్చినా రక్తంలో కాల్షియం బాగా పడిపోయి ఉండొచ్చు. 108కి ఫోన్ చేయాలి.

ఎండ: ఏ గంటలో, ఎంతసేపు

లేత ఎండ మంచిదని పొద్దున ఆరున్నరకు నిలబెట్టే అలవాటు మనకుంది. నడకకు అది మంచిదే, విటమిన్ డికి మాత్రం పెద్దగా ఉపయోగపడదు. చర్మంలో విటమిన్ డి తయారుచేసేవి అతినీలలోహిత బి కిరణాలు. సూర్యుడు వాలుగా ఉన్నప్పుడు అవి గాలిపొరల్లోనే చాలావరకు ఆగిపోతాయి. తిరుపతిలో జరిగిన ప్రయోగాల్లో ఉదయం 11 నుంచి మధ్యాహ్నం 2 వరకు తయారీ ఎక్కువగా ఉన్నట్టు తేలింది.

గడియారం కంటే నీడ మంచి గుర్తు. పిల్లవాణ్ణి చదునైన నేల మీద నిలబెట్టండి. నీడ మనిషి ఎత్తుకంటే పొట్టిగా ఉంటే ఆ ఎండ పనికొస్తుంది. పొడుగ్గా ఉంటే ఎంతసేపు నిలబడినా ఫలితం స్వల్పం. మన జిల్లాల అక్షాంశం దగ్గర డిసెంబరులో ఈ పొట్టి నీడ సుమారు పదిన్నరకు మొదలై ఒంటిగంటన్నర దాటాక పోతుంది. మే నెలలో తొమ్మిదికే మొదలై మూడింటి దాకా ఉంటుంది. మే మధ్యలో ఉదయం తొమ్మిదిన్నరకు సూర్యుడు ఎంత ఎత్తున ఉంటాడో, డిసెంబరులో మిట్టమధ్యాహ్నం కూడా అంతే ఎత్తున ఉంటాడు. కాబట్టి వేసవిలో విటమిన్ డి కోసం వడగాడ్పులో నిలబడాల్సిన పనే లేదు, తొమ్మిది, తొమ్మిదిన్నర ఎండ చాలు. మార్చి మధ్య నుంచి ఒంటిపూట బడులు పెడతారు. పన్నెండున్నరకు బడి వదిలాక తలమీద గుడ్డ లేకుండా నడిపించి ‘విటమిన్ వస్తుందిలే’ అనుకోవడం ప్రమాదం. వడదెబ్బ తగిలితే ప్రాణం మీదికి వస్తుంది.

మోచేతుల నుంచి కిందికి, మోకాళ్ళ నుంచి కిందికి, ముఖం మెడ - ఇంతమేర నేరుగా ఎండ తగలాలి. మన చామనఛాయ, నలుపు చర్మాలకు తెల్లచర్మంవాళ్ళకంటే ఎక్కువ సేపు పడుతుంది. రోజుకు అరగంట చొప్పున వారంలో కనీసం ఐదు రోజులు లక్ష్యంగా పెట్టుకోండి. ఒకేసారి కుదరకపోతే పావుగంట చొప్పున రెండుసార్లు. చర్మం ఎర్రబడి మండేదాకా ఉంచొద్దు. మోతాదు ఎక్కువవుతుందన్న భయం ఎండ విషయంలో లేదు; అవసరానికి మించి తయారైనదాన్ని చర్మమే విరగ్గొట్టేస్తుంది. చర్మం ఎండకు పొక్కే జబ్బులున్న పిల్లలకు, అలాంటి మందులు వాడేవాళ్ళకు ఈ పద్ధతి వద్దు.

ఈ అరగంటలో పొరపాట్లు ఎక్కడ జరుగుతాయంటే: బడి వ్యాన్ అద్దంలోంచి పడే ఎండలో వెచ్చదనం ఉంటుందే తప్ప బి కిరణాలు ఉండవు, మామూలు గాజు వాటిని ఆపేస్తుంది. క్లాసు కిటికీ పక్క సీటూ అంతే, అద్దం మూసి ఉంటే. చెట్టు నీడలో ఆటకూ ఫలితం చాలా తక్కువ. ఫుల్ చేతుల చొక్కా, కింద లెగ్గింగ్, కాళ్ళకు మేజోళ్ళు ఉంటే మిగిలింది ముఖం ఒక్కటే. పరదా పాటించే ఇళ్ళలో ఆడపిల్లలకు మిద్దె మీద దుప్పటి అడ్డం కట్టి, చేతులు కాళ్ళు ఎండకు వదిలి చదువుకునే చోటు చేయండి. సెలవు రోజుల్లో పదకొండు గంటలకు ఇది ఏ ఇంట్లోనైనా కుదురుతుంది.

నిజానికి ఈ పని ఇంటికంటే బడిలో సులువు. పొట్టి నీడ గంటల్లో పిల్లలు ఉండేది బడిలోనే. ఈశాన్య రుతుపవనాల మూలంగా అక్టోబరు నుంచి డిసెంబరు దాకా మనకు మబ్బు రోజులు ఎక్కువ, ఆ వెంటనే సూర్యుడు కిందికి వాలే పుష్యమాసం. ఒంట్లో నిల్వలు బాగా తగ్గేది అప్పుడే. కాబట్టి నవంబరు నుంచి ఫిబ్రవరి వరకు ఆటల పీరియడ్‌ను చివరి గంట నుంచి తీసి మధ్యాహ్న భోజనానికి ముందుకు మార్చమని ప్రధానోపాధ్యాయుణ్ణి అడగండి. చివరి పీరియడ్‌లో నీడ అప్పటికే పొడుగై ఉంటుంది. తెల్లవారుజామున లేపి రాత్రి దాకా గదుల్లో చదివించే రెసిడెన్షియల్ బడుల్లో ఒక స్టడీ అవర్‌ను గ్రౌండ్‌లో చొక్కా చేతులు మడిచి కూర్చోబెట్టి జరిపినా సరిపోతుంది. తల్లిదండ్రుల సమావేశంలో మార్కుల గురించి అడిగే ముందు ఈ ఒక్కటి అడగండి: పదకొండు, ఒంటిగంట మధ్య మావాడు ఎండ మొహం చూస్తున్నాడా?

పళ్ళెంలో

తిండి నుంచి విటమిన్ డి పూర్తిగా రాదు. బడి పిల్లలకు రోజుకు 600 యూనిట్లు కావాలి. ఒక కోడిగుడ్డులో సుమారు 40 యూనిట్లుంటాయి, అదీ పచ్చసొనలోనే. మధ్యాహ్న బడి భోజనంలో వారానికి ఐదు గుడ్లు ఇస్తారు. తెల్లసొన తిని పచ్చసొన పారేసే పిల్లలు ప్రతి బడిలోనూ ఉంటారు, కంచాల దగ్గర నిలబడి చూస్తే తెలుస్తుంది. చేపల్లో నూనె ఎక్కువుండే కవళ్ళు, కానాగంతలు మేలు. తీరం పొడుగునా చవగ్గా దొరికేవి కూడా అవే. రొయ్యల్లో విటమిన్ డి నామమాత్రం.

పాల పాకెట్ మీద, నూనె పాకెట్ మీద నీలిరంగు ప్లస్ ఎఫ్ గుర్తు ఉందేమో చూడండి. కేంద్ర ఆహార భద్రతా సంస్థ ఎఫ్ఎస్ఎస్ఏఐ ప్రమాణం ప్రకారం ఆ పాలలో లీటరుకు 200 నుంచి 300 యూనిట్ల విటమిన్ డి కలపాలి. అంటే పావు లీటరు తాగితే వచ్చేది 50 నుంచి 75. తక్కువే, కానీ రోజూ వస్తుంది. శాకాహారులు పుట్టగొడుగుల్ని ముక్కలు కోసి వండే ముందు మధ్యాహ్నపు ఎండలో అరగంట ఆరబెడితే వాటిలోనూ విటమిన్ డి తయారవుతుంది.

కాల్షియం మాత్రం పూర్తిగా పళ్ళెం నుంచే రావాలి. హైదరాబాదులోని జాతీయ పోషకాహార సంస్థ 2020 లెక్క ప్రకారం రోజుకు 7-9 ఏళ్ళ వాళ్ళకు 650 మిల్లీగ్రాములు, 10-12 ఏళ్ళకు 850, 13-15 ఏళ్ళకు 1000 కావాలి. మొలగొలుకుల అన్నం ఎంత కమ్మగా ఉన్నా 100 గ్రాముల తెల్లబియ్యంలో ఉండే కాల్షియం 10 మిల్లీగ్రాములకు మించదు. అన్నం, పులుసు, పచ్చడితో రోజు గడిచే ఇంట్లో లోటు ఎక్కడుందో దీంతో తెలిసిపోతుంది.

ఎనిమిదేళ్ళ పిల్లకు 650 ఇలా కూడబెట్టొచ్చు: పావు లీటరు పాలు 300, వంద గ్రాముల గడ్డపెరుగు సుమారు 120, ముప్ఫై గ్రాముల రాగిపిండి 110, పది గ్రాముల పొట్టు తీయని నువ్వులు సుమారు 120. పెరుగంటే గడ్డపెరుగే. ఒక గరిటె పెరుగుకు చెంబెడు నీళ్ళు పోసి చిలికిన మజ్జిగను ఆ లెక్కలో వేయొద్దు. రాగిజావ కూడా పలచగా కాస్తే గ్లాసులో పిండి పది గ్రాములుంటే గొప్ప, దాంతో వచ్చే కాల్షియం 35 మిల్లీగ్రాములే. రాగుల్ని నానబెట్టి మొలకెత్తించి ఎండబెట్టి ఆడించిన పిండైనా, రాత్రి పులియబెట్టిన అంబలైనా ఫైటేట్లు తగ్గి కాల్షియం బాగా ఒంటబడుతుంది. మునగాకు, అవిసాకు పప్పులో వారానికి రెండు మూడుసార్లు పడితే మంచిది. పాలకూరలో కాల్షియం ఉన్నా అందులోని ఆక్సలేట్ దాన్ని ఒంటికి పట్టనివ్వదు.

బడిలో ఇచ్చే ఐరన్ మాత్ర వేసుకునే పూట కాల్షియం మాత్ర, పాలు వద్దు. కనీసం రెండు గంటల తేడా ఉండాలి.

కనిగిరి, పొదిలి, మర్రిపూడి, ఉదయగిరి వైపు అయితే ముందు నీళ్ళు

పడమటి మండలాల్లో బోరునీళ్ళలో ఫ్లోరైడ్ ఎక్కువ. కాల్షియం తక్కువ తింటూ ఫ్లోరైడ్ నీళ్ళు తాగే పిల్లల్లో మోకాళ్ళు రాసుకునేలా కాళ్ళు వంగడం, నడుం బిగుసుకోవడం వస్తాయి. చూడటానికి, విటమిన్ డి, కాల్షియం చాలక పిల్లల ఎముకలు మెత్తబడే రికెట్స్‌లాగే ఉంటుంది, రెండూ కలిసి ఉండటమూ ఉంది. పళ్ళ మీద సుద్దలాంటి తెల్లమచ్చలో గోధుమరంగు అడ్డచారలో ఉంటే నీళ్ళను అనుమానించండి. లీటరుకు 1 మిల్లీగ్రాము లోపు ఉంటే మంచిది, వేరే నీటి దారి లేనప్పుడు కూడా 1.5 దాటకూడదు. గ్రామీణ నీటి సరఫరా విభాగం ల్యాబులో పరీక్ష చేయించవచ్చు. శుభ్రమైన ప్లాస్టిక్ సీసాను అదే నీటితో రెండుసార్లు తొలిచి నింపి, ఏ బోరుదో చీటీ అంటించి ఇవ్వండి.

నీళ్ళు కాచి చల్లారిస్తే ఫ్లోరైడ్ పోదు. ఆవిరైన కొద్దీ ఇంకాస్త చిక్కబడుతుంది. ఆర్వో నీళ్ళు తాగడానికి ఒక్కదానికే వాడి అన్నం, పప్పు బోరునీళ్ళతో వండటం ఈ ఊళ్ళలో జరిగే పెద్ద పొరపాటు. ఉడికేటప్పుడు ఆ నీళ్ళన్నీ అన్నంలోకే పోతాయి. వంటకూ ఆర్వో నీళ్ళే వాడండి. ఆర్వోలో ఫ్లోరైడ్‌తో పాటు కాల్షియమూ పోతుంది కాబట్టి పైన చెప్పిన పాలు, రాగి, నువ్వుల లెక్క ఇక్కడ మరింత అవసరం. పిల్లలకు టీ మాన్పించండి, తేయాకులోనూ ఫ్లోరైడ్ ఉంటుంది.

పరీక్ష ఎవరికి

ఆరోగ్యంగా ఆడుకునే పిల్లలకు ప్యాకేజీలో ఉంది కదా అని విటమిన్ డి పరీక్ష చేయించనక్కర్లేదు. లక్షణాలున్నవాళ్ళకు, ఫిట్స్ మందులు వాడేవాళ్ళకు, కాలేయం, కిడ్నీ, పేగుల జబ్బులున్నవాళ్ళకు అవసరం. అడగాల్సిన పరీక్ష పేరు 25-హైడ్రాక్సీ విటమిన్ డి. 1,25 అని ఇంకోటి ఉంటుంది, ఖరీదెక్కువ, లోపం తెలుసుకోవడానికి పనికిరాదు. రికెట్స్ అనుమానం ఉంటే డాక్టర్లు దీంతో పాటు కాల్షియం, ఫాస్ఫరస్, ఆల్కలైన్ ఫాస్ఫటేజ్, మణికట్టు లేదా మోకాలి ఎక్స్‌రే రాస్తారు. బడులకు వచ్చే రాష్ట్రీయ బాల స్వాస్థ్య కార్యక్రమం బృందం చూసే లోపాల జాబితాలో రికెట్స్ ఉంది. వాళ్ళు రాసిచ్చిన చీటీతో నెల్లూరు పెద్దాసుపత్రికో ఒంగోలు రిమ్స్‌కో వెళ్ళొచ్చు.

రిపోర్టు చదివేటప్పుడు ఒక సంగతి. భారత పిల్లల వైద్యుల సంఘం 2021 మార్గదర్శకాల ప్రకారం మిల్లీలీటరుకు 20 నానోగ్రాములు దాటితే చాలినంత ఉన్నట్టు, 12-20 మధ్య కొరత, 12 కంటే తక్కువైతే లోపం. చాలా ల్యాబులు పెద్దవాళ్ళకు వాడే 30ని హద్దుగా అచ్చువేస్తాయి. 24 ఉన్న పిల్లవాడి రిపోర్టులో ఎర్ర అక్షరాలు చూసి కంగారు పడి మందు మొదలుపెట్టొద్దు. కొన్ని ల్యాబులు నానోమోల్స్‌లో ఇస్తాయి, ఆ అంకెను 2.5తో భాగిస్తే నానోగ్రాములు వస్తాయి.

మందు: యూనిట్లు చూసి, వారం చూసి

లోపం నిర్ధారణైతే ఏడాది దాటిన పిల్లలకు రోజుకు 3000 యూనిట్ల చొప్పున 12 వారాలు, కాల్షియంతో కలిపి ఇవ్వాలన్నది ఆ మార్గదర్శకాల మాట. రోజూ వేయడం కుదరని ఇళ్ళకు వారానికొకసారి వేసే 60,000 యూనిట్ల పొట్లం రాస్తారు. ఎన్ని వారాలన్నది డాక్టరు నిర్ణయం.

ప్రమాదమంతా ఈ 60,000 దగ్గరే ఉంది. ఒక్క పొట్లం అంటే రోజుకు 600 చొప్పున వంద రోజుల సరుకు. చీటీ సరిగా అర్థం కాక రోజుకొకటి వేస్తే వారంలో 4,20,000 యూనిట్లు ఒంట్లోకి వెళ్తాయి. అప్పుడు రక్తంలో కాల్షియం పెరిగి వాంతులు, మలబద్ధకం, విపరీతమైన దాహం, మాటిమాటికీ మూత్రం, కడుపునొప్పి మొదలవుతాయి, కిడ్నీలు దెబ్బతినొచ్చు. కాబట్టి షాపులోనే పొట్లాల మీద పెన్నుతో తేదీలు రాయించుకోండి: ఈ ఆదివారం, వచ్చే ఆదివారం అని. వేసిన రోజు క్యాలెండర్‌లో కొట్టేయండి. ఒక వారం మరిచిపోతే గుర్తొచ్చిన రోజు ఒకటి వేయండి, రెండు కలిపి వద్దు.

చుక్కల మందులో మిల్లీలీటరుకు 400 యూనిట్లున్నవీ, 800 ఉన్నవీ అమ్ముతారు. 5 మిల్లీలీటర్ల చిన్న సీసాలో మొత్తం 60,000 ఉండే రకమూ ఉంది. షాపులో బ్రాండ్ మారిస్తే పాత కొలతతో వేయొద్దు, సీసా మీద ‘ప్రతి మిల్లీలీటరులో’ అన్న చోట అంకె చదవండి. కాల్షియం మాత్రల్లో, మల్టీవిటమిన్ సిరప్‌లో కూడా విటమిన్ డి (డి3 అని రాసి) ఉంటుంది, అదంతా కలిపి లెక్కేయాలి. డాక్టరు పర్యవేక్షణ లేకుండా రోజూ ఇచ్చే మోతాదు 4-8 ఏళ్ళ వాళ్ళకు 3000, తొమ్మిదేళ్ళు దాటినవాళ్ళకు 4000 యూనిట్లకు ఎప్పుడూ మించకూడదు.

విటమిన్ డి కొవ్వులో కరుగుతుంది. పరగడుపున నీళ్ళతో వేస్తే సరిగా ఒంటబట్టదు. అన్నం తిన్నాక వెన్న తీయని పాలతో వేయండి. కాల్షియం మాత్ర భోజనం తర్వాత, రోజు మోతాదును రెండుపూటలుగా. మాత్ర మీద 1250 మిల్లీగ్రాముల కాల్షియం కార్బొనేట్ అని ఉంటే అందులో అసలు కాల్షియం 500 అని గుర్తుంచుకోండి. ఆరు లక్షల యూనిట్ల ఇంజెక్షన్ అడిగి వేయించుకోవద్దు. అది నెమ్మదిగా, ఒక్కొక్కరిలో ఒక్కోలా ఒంటబడుతుంది, ఎక్కువైతే వెనక్కి తీసే దారి లేదు. నోటి మందే మేలు.

పన్నెండు వారాలకు

నొప్పులు, నీరసం కొన్ని వారాల్లోనే తగ్గుతాయి. ఎక్స్‌రేలో ఎముక అంచులు మానుతున్నట్టు మూడు నెలలకు కనిపించాలి. కాళ్ళ వంకర సర్దుకోవడానికి నెలలు, ఒక్కోసారి ఏడాది పైనే పడుతుంది. ఎముక మానకముందే బ్రేసులకు, ఆపరేషన్‌కు తొందరపడొద్దు.

మూడు నెలలకూ మార్పు లేకపోతే మోతాదు పెంచమని అడిగే ముందు వరసగా ఇవి చూడండి. మందు నిజంగా వేశారా, ఖాళీ పొట్లాలు ఎన్ని ఉన్నాయి? కాల్షియం రోజూ అందిందా? నీళ్ళు మార్చారా? ఫిట్స్ మందు ఏదైనా వాడుతున్నారా? ఇవన్నీ సరిగానే ఉండి ఎక్స్‌రే మారలేదంటే కిడ్నీ వల్లో, వంశపారంపర్యంగా ఫాస్ఫరస్ మూత్రంలో పోవడం వల్లో వచ్చే రికెట్స్ కావచ్చు. ఇంట్లో పొట్టిగా, వంకర కాళ్ళతో ఉన్న పెద్దవాళ్ళెవరైనా ఉంటే ఆ సంగతి డాక్టరుకు తప్పకుండా చెప్పండి. ఈ రకం విటమిన్ డి పొట్లాలతో తగ్గదు, దీనికి మందులు వేరు. వెళ్ళేటప్పుడు పాత ఎక్స్‌రేలు, రిపోర్టులు, వాడిన మందుల ఖాళీ పెట్టెలు, నీటి పరీక్ష కాగితం అన్నీ ఒకే సంచిలో వేసి తీసుకెళ్ళండి.